మురుగునీటిపై వెలుతురు

ఆలేరు వాగు దిగువకు సాగి మూసీలో కలియుచున్నది. ఆ మూసీ అప్పటికే హైదరాబాదు నగరపు మురుగును మోసికొని వచ్చుచుండును. ఆ నీటితోనే ఏటివెంట గ్రామములలో వరియు, పశుగ్రాసమును పండును. మడిలో దిగిన రైతు కాళ్ళకు తగులు ఆ నీటిలో మలమునుండి చేరిన బాక్టీరియా ఉండును. వానిని చంపుటెట్లు?

వెలుతురుతో చంపవచ్చునని తొలుత చూపినవారు ఇంగ్లండుకు చెందిన డౌన్స్, బ్లంట్ అనువారు. 1877లో వారు పోషక ద్రవము నింపిన గాజు గొట్టములలో కొన్నిటికి సీసపు రేకు చుట్టి, కొన్నిటిని ఎండలో విడిచిరి. రేకు చుట్టినవి మురిగి కలక బారినవి. ఎండ తగిలినవి తేటగా నిలిచినవి. అతినీలలోహిత కిరణములకు ఈ శక్తి మిక్కుటమని తరువాత తేలినది. అందు మిక్కిలి తీవ్రమైనవి భూమిని చేరకుండ వాయుమండలము అడ్డును. అందుచే పాదరసపు దీపము కావలసివచ్చెను. మామూలు గాజు ఆ కిరణములను మ్రింగివేయును గనుక దీపమును క్వార్ట్జుతో చేసిరి. 1910లో ఫ్రాన్సులోని మార్సెయిల్ నగరమున త్రాగునీటికి దానిని వాడిరి. కాని దీపములు నమ్మదగినవి కాకపోయెను; క్లోరిన్ చౌక. క్లోరినే గెలిచెను.

254 నానోమీటర్ల కిరణము సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.లో ప్రక్కప్రక్కనున్న థైమీన్ అణువులను అతికించును. ఇక ఆ జీవి విభజన చెందలేదు. అయితే 1949లో అమెరికాలో ఆల్బర్ట్ కెల్నర్ ఒక చిత్రము కనిపెట్టెను: దెబ్బతిన్న జీవులు కొన్ని మామూలు వెలుతురు సోకగానే కోలుకొనుచున్నవి! కావున మోతాదు చాలినంత ఉండవలెను.

1974లో హాలండుకు చెందిన రూక్, క్లోరిన్ నీటిలోని సేంద్రియ పదార్థముతో కలిసి క్లోరోఫారమ్ వంటివి పుట్టించునని చూపెను. దానితో దీపముపై మరల దృష్టి మరలెను. కాని దీపమునకు తేటనీరు కావలెను. మురికి రేణువు చాటున బాక్టీరియా క్షేమముగా దాగును. అంబర్‌పేట శుద్ధికేంద్రము రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటికై కట్టబడినది. అంత నీటిని ముందు తేర్చుటయే పెద్దపని, దీపము తరువాతిది.

నగరము దాటిన పిమ్మట మూసీపై సాగునీటికై కట్టిన కత్వలు వరుసగా నున్నవి. వాని వెనుక నీరు నిలిచి మడ్డి దిగును, ఎండ సోకును. దిగువకు పోయినకొలది బాక్టీరియా తగ్గుచున్నట్లు పరిశోధకులు కొలిచిరి. దీపమునకు సైతము సులభముగా లొంగని నులిపురుగుల గ్రుడ్లు అక్కడ చావవు, అడుగున చేరును. ఆ బురదను తోడి పొలమునకు తోలుచో అవియు వెంట వచ్చును.