వలసచీటిలోని ఊరిపేరు

సరిహద్దు దాటిన మనుష్యుని పక్షమున అతని చేతిలోని కాగితమే మాట్లాడవలెను. అతడెవరో, ఎవరి కుమారుడో, ఏ యూరివాడో ఆ కాగితము చెప్పినంతవరకే ఎదుటివారు నమ్ముదురు. నేడు మనము పాస్‌పోర్టు అని పిలుచు చిన్న పుస్తకమునకు ముందు ఇట్టి కాగితములు పెక్కు కలవు. వానిలో తెలుగువారి కష్టచరిత్రను మోసినది వలసచీటి.

1860 నవంబరు 16వ తేదీన, మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాయందలి నేటాలు దేశమున డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో పనిచేయుటకు ఒడంబడిక కూలీలుగా అచ్చటకు పోయినవారిలో మొదటివారు ఆ యోడలోనివారే. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఇట్లు నేటాలు చేరిరి. అందు మూడింట రెండువంతులవారు మద్రాసునుండి ఓడ యెక్కినవారు. విశాఖపట్నము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో పెక్కురుండిరి.

ప్రతి కూలీ వివరములను ఓడ పట్టికలో వ్రాసెడివారు. ఒక అంకె, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపై పుట్టుమచ్చ లేక గాయపు గుర్తు: ఇంతే. చెప్పువాడు తెలుగున చెప్పెను. గుమాస్తా చెవికి వినవచ్చినట్లు ఇంగ్లీషున వ్రాసెను. తన పేరు సరిగా పడినదో లేదో చదివి చూచుకొనుటకు పెక్కుమంది కూలీలకు అక్షరజ్ఞానమే లేదు. మన నాయుడు అచ్చట ‘నాయిడూ’ అయ్యెను. మనుమలు, మునిమనుమలు ఆ రూపముననే తమ పేరు నిలుపుకొనిరి.

ఆ కాగితములు కూలీల మేలుకోరి పుట్టినవి కావు. వారిని గుర్తించి పట్టియుంచుటకే పుట్టినవి. యజమాని వ్రాతపూర్వకమైన అనుమతి లేక కూలీ తోట విడిచి దూరము పోరాదు. గడువు ముగిసిన పిమ్మట తిరిగి ఒడంబడికకు లోబడక, స్వదేశమునకు మరలక అచ్చటనే నిలిచినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను వేయుటకు 1895లో చట్టము చేసిరి. అది 1914లో గాని తొలగలేదు. పొరుగున ట్రాన్స్‌వాలులో వ్రేలిముద్రలతో కూడిన నమోదును నిర్బంధించినపుడు, గాంధీజీ నాయకత్వమున 1908 ఆగస్టు 16న జోహాన్స్‌బర్గు మసీదు ఆవరణలో రెండువేలకు పైగా ధ్రువపత్రములను అగ్నికి ఆహుతి చేసిరి. అవమానకరమైన కాగితమును కాల్చుటయు ఆ నాడు ఆత్మగౌరవమే అయ్యెను.

అయినను కాలగతి విచిత్రమైనది. తాతముత్తాతలను బంధించిన ఆ పట్టికలే నేడు వారి సంతతికి పుట్టినయూరి దారి చూపుచున్నవి. గ్రామము పేరు స్పష్టముగా పడినచో మునిమనుమడు ఆ యూరి వీధిలో వచ్చి నిలువగలడు. ఒక్క అక్షరము తారుమారైనచో జిల్లా చూచి మరలిపోవలసినదే. కూలీలు పోయిన మరియొక సీమ మారిషస్. అచ్చటి వలస దస్తావేజులను యునెస్కో 2015లో ప్రపంచస్మృతి పట్టికయందు చేర్చెను. ఆ దీవిలోని ఏడవ తరము భారత సంతతివారికిని మన విదేశీ పౌరసత్వపు కార్డు లభింపజేయు ఏర్పాటును 2024లో మన రాష్ట్రపతి ప్రకటించిరి. ఏడు తరముల నాటి బంధమును రుజువుచేయుటకు ఆనాటి గుమాస్తా వ్రాసిన పంక్తికంటె వేరు సాక్షి యెవరు?

స్వతంత్ర భారతమున కాగితము అర్థమే మారెను. విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమేయనియు, చట్టము లేక పాస్‌పోర్టు నిరాకరింపరాదనియు 1967 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే పార్లమెంటు పాస్‌పోర్టు చట్టమును చేసెను. ఒకనాడు కూలీని పట్టియుంచిన కాగితము నేడు పౌరుని హక్కునకు గుర్తు.

హక్కు గలవారికి బాధ్యతయు గలదు. నాటి కూలీకి తన చీటి చదువుకొను భాగ్యము లేదు; మనకు గలదు. మన యింటిపేరును పొడి అక్షరములుగా విడువక పూర్తిగా వ్రాయించుకొనవలెను. జనన పత్రమునందును, బడి పత్రమునందును, పాస్‌పోర్టునందును పిల్లల పేరు ఒక్క తీరుననే యుండవలెను. గడువు తీరిన పాస్‌పోర్టును పారవేయరాదు. పూర్వపు ప్రయాణములకు అదియే సాక్ష్యము. ప్రతిని వేరుగా దాచి, పరదేశమున అసలు పోయినచో వెంటనే అచ్చటి పోలీసులకును మన రాయబార కార్యాలయమునకును తెలుపవలెను.

మనలో పెక్కురము కార్యాలయములలో నిత్యము ఇతరుల పేర్లు వ్రాయువారము. పని తొందరలో వ్రాసిన ఒక పేరు, ఒక యూరు, నూరేండ్ల పిమ్మట ఎవరికో ఇంటిదారి కావచ్చును. మద్రాసు రేవున వలసపట్టిక వ్రాసిన గుమాస్తాకు ఆ సంగతి తోచియుండదు. మనకు తెలిసినది గనుక, మరియొకమారు అడిగి, సరిచూచి వ్రాయుదము.