తొలి నవలకు ముద్రణభారము



తొలి నవల వ్రాసినవాడు దానిని ప్రకాశకుల కీయవలెనా, తానే యచ్చువేయించుకొనవలెనా యని నన్నడుగువారు కలరు. ఈ రెండు త్రోవలకును పూర్వకథలు గలవు.

1762లో లండనునందు ఇంటియద్దె చెల్లింపలేని గోల్డుస్మితును యజమానురాలు నిర్బంధింపగా, మిత్రుడగు జాన్సను ఆతని ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ వ్రాతప్రతిని 60 పౌనులకు పుస్తకవిక్రేత కమ్మెనని బాస్వెల్ వ్రాసెను. అప్పు తీరెను గాని, పుస్తకము 1766లో గాని వెలువడలేదు. అమ్ముకొన్నవాడు తొందరపెట్టుట కేమి యధికారము?

ఆ నవల ఛాయను గైకొనియే ‘రాజశేఖరచరిత్రము’ రచించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు వేఱు త్రోవ పట్టిరి. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించి, తొలుత చెన్నపురిలో అచ్చువేయించి, పిదప రాజమహేంద్రవరముననే ముద్రాలయమును నెలకొల్పిరి. 1878లో నవలను ఆ పత్రికలో ప్రకరణములుగా ప్రకటించి, 1880లో పుస్తకముగా వెలువరించిరి. దాని కాంగ్లానువాదము 1887లో వెడలెను.

ఈ త్రోవలో కాగితము వెలయు, అచ్చుకూలియు, అమ్ముడుపోని ప్రతులును గ్రంథకర్త నెత్తినే పడును. బడిపంతులు జీతముతో అది యెంత బరువో నేనెఱుగుదును! కాని పత్రికలో ముందుగా ప్రకటించుటచే చదువరుల యభిరుచి తెలియును. కావున నన్నడుగువారితో నేననునది యిది: మొదట నాలుగు ప్రకరణములు ఏదేని పత్రికలో వేయింపుడు, ఐదవది యెప్పుడని చదువరులు జాబులు వ్రాసినచో, అప్పుడు కాగితము కొనుడు.