కోఠీ మేడ నుంచి నిర్మల్ మర్రి దాకా

మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డు మనకు కొత్త కాదు. ఉత్తరానికి పోతే తూప్రాన్ వస్తుంది. ఇంకా పైకి పోతే నిర్మల్, ఆదిలాబాద్. వెనక్కి తిరిగితే హైదరాబాద్. 1857 తిరుగుబాటు కథలో ఈ దారి పొడుగునా మూడు గుర్తులున్నాయి: హైదరాబాద్‌లో ఒక మేడ, తూప్రాన్‌లో ఒక చావు, నిర్మల్‌లో ఒక మర్రి.

ముందు మేడ సంగతి. కోఠీ అంటేనే పెద్ద భవనం. నిజాం దర్బారులో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఉండే అధికారిని రెసిడెంట్ అనేవారు. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంట్ కాలంలో, 1803 ప్రాంతంలో ఈ భవనం పని మొదలైంది. ఎత్తైన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా సింహాల బొమ్మలు. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. ఆ ఖజానాను నింపింది భూమి దున్నినవాళ్ల శిస్తు. అంటే మేడ తెల్లదొరది, సొమ్ము మన పల్లెలది.

1857లో ఉత్తర భారతంలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ వేడి హైదరాబాద్‌కూ తాకింది. ఔరంగాబాద్ వైపు నుంచి వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను నిజాం ప్రభుత్వం పట్టి రెసిడెన్సీకి అప్పగించింది. అతణ్ణి విడిపించాలని జులై 17, శుక్రవారం నాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ముందు నడవగా సుమారు 500 మంది రెసిడెన్సీ మీదికి పోయారు. వాళ్లలో రోహిల్లాలు ఎక్కువ. పక్కనున్న ఇళ్లలో చేరి కాల్పులు జరిపారు. అయితే దివాన్ సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో ఇంగ్లీషువాళ్లు ఫిరంగులతో సిద్ధంగా ఉన్నారు. తెల్లవారేసరికి తిరుగుబాటుదారులు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత రెసిడెన్సీ చుట్టూ గోడలు గట్టిచేసి బురుజులు కట్టారు. మేడ కోటలా మారింది. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో ఆ బురుజులే చెబుతాయి.

తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకుని యావజ్జీవ ప్రవాస శిక్ష వేశారు. 1859 జనవరిలో ఆయన తప్పించుకున్నాడు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి, జనం భయపడాలని వేలాడదీశారు. అల్లాఉద్దీన్‌ను అండమాన్ పంపారు. ఆయన తిరిగి రాలేదు.

నగరంలో ఓడినంత మాత్రాన పోరు ఆగలేదు. నిర్మల్ అడవుల్లో రాంజీ గోండు నాయకత్వంలో గోండులు తిరగబడ్డారు. రోహిల్లాలు వాళ్లతో కలిశారు. భాష వేరు, దేవుడు వేరు. శత్రువు మాత్రం ఒక్కడే. 1860లో రాంజీని, ఆయన వెంట ఉన్నవాళ్లను నిర్మల్‌లో మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి మందిని ఉరితీశారని జనం చెప్పుకుంటారు. అందుకే దాన్ని వెయ్యి ఉరుల మర్రి అన్నారు.

ఇప్పుడు చూడండి. మేడ ఉంది. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. దొర కట్టించుకున్న చోట చాకలి ఇంటి బిడ్డ పేరు నిలవడం చిన్న మాట కాదు. పాడైన భవనాన్ని ఇటీవల బాగుచేశారు కూడా. మర్రి మాత్రం లేదు, గాలివానకు కూలిపోయింది. కూలిన మేడను రాయితో, సున్నంతో మళ్లీ నిలబెట్టవచ్చు. కూలిన మర్రిని నిలబెట్టేది మన నోటి మాటే.

టీచర్లకు ఒక మనవి. పిల్లలను కోఠీకి తీసుకుపోతే స్తంభాలు చూపించి ఊరుకోకండి. ఆ రాత్రి జరిగింది చెప్పండి. తూప్రాన్ పేరు, నిర్మల్ పేరు కలిపి చెప్పండి. యువకులారా, మీ గూడెంలో ముసలివాళ్లు రాంజీ గురించి ఏం చెప్పుకుంటున్నారో వాళ్లున్నప్పుడే అడిగి రాసిపెట్టండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కింద రాయండి. మన చరిత్రకు అదే పునాది రాయి.