టైట్‌గా పెడితే పవర్ రాదు బ్రో: పిస్టన్ సందు వెనక వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. ఆ తప్పు నాదే.

బీటెక్ థర్డ్ ఇయర్. నంద్యాలలో మా మేనమామ వాడి వదిలేసిన ఆర్ఎక్స్ 100 నా చేతికొచ్చింది. ఫోన్‌లో డ్రాగ్ రేసు వీడియోలు చూసీ చూసీ, ఆన్‌లైన్‌లో ఒక ఫోర్జ్‌డ్ పిస్టన్ తెప్పించా. లేత్ షాపులో బోర్ కొట్టే పెద్దాయన దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది మామూలు పిస్టన్ మాదిరి లేదే అబ్బీ. ఎంత ప్లే ఇయ్యాలో కాయితం ఏమన్నా వచ్చిందా?" అన్నాడు. వచ్చింది. నేనే బాక్సుతో పాటు పారేసినా. "మామూలు దానికి ఇచ్చేదే ఇయ్యి పెద్దాయనా. టైట్‌గా ఉండాల, లీకేజ్ ఉండకూడదు" అని చెప్పా.

రెండో రోజు ఆళ్లగడ్డ వైపు పోతున్నా. శిరివెళ్ల దాటాక ఫుల్ త్రాటిల్ ఇచ్చా. ఒక్కసారిగా ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం లాక్ అయింది. చెయ్యి క్లచ్ మీద పడింది కాబట్టి ఈరోజు మీతో మాట్లాడుతున్నా. వెనక లారీ ఉండుంటే ఈ చానలే లేదు.

బండి ఆటోలో వేసుకొని తిరిగొస్తే, పెద్దాయన సిలిండర్ విప్పి పిస్టన్ నా ముందు పెట్టినాడు. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు. "చూడు, నాలుగు మూలలా పట్టింది. అల్యూమినియం ఉబ్బుతాది అబ్బీ. దానికి జాగా ఇయ్యల్ల" అన్నాడు.

ఈ ఒక్క మాట నేర్చుకోడానికి ప్రపంచానికి ఎన్నాళ్లు పట్టిందో తెలుసా? ఆ కథే ఈరోజు మన టాపిక్.

మొదట్లో కార్ల ఇంజన్లలో పిస్టన్లు ఎక్కువగా పోత ఇనుముతో ఉండేవి. సిలిండర్ ఇనుము, పిస్టన్ ఇనుము, రెండూ ఒకేలా ఉబ్బుతాయి, గొడవ లేదు. కానీ బరువు. పిస్టన్ పైకి పోయి, ఆగి, కిందికి రావాలి. ఆర్‌పీఎం రెట్టింపు చేస్తే ఆ ఊపు వల్ల కనెక్టింగ్ రాడ్ మీద పడే లోడు నాలుగు రెట్లవుతుంది. బరువు తగ్గకుండా స్పీడు పెరగదు.

1913లో లండన్‌లో డీఎఫ్‌పీ అనే ఫ్రెంచ్ కార్లు అమ్మే డబ్ల్యూ.ఓ. బెంట్లీ, ఆ కంపెనీ ఫ్యాక్టరీకి ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడ టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన బరువు ఒకటి కనిపించింది. అది చిన్న అల్యూమినియం పిస్టన్ బొమ్మ. నిజం ఇంజన్‌లో ఎందుకు పెట్టకూడదు అనుకున్నాడు. అల్యూమినియం కరిగిపోతుంది, ఉబ్బి పట్టేస్తుంది అని అప్పటి భయం. ఆయన 88 శాతం అల్యూమినియం, 12 శాతం రాగి కలిపి పోత పోయించాడు. ఆ పిస్టన్లతో 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో తనే కారు నడిపి ఆరో స్థానంలో వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం ఇంజన్లలోకి కూడా ఇదే ఐడియా తీసుకెళ్లాడు. ఈయనే తర్వాత బెంట్లీ కార్ల కంపెనీ పెట్టింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.115 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే సైజు పోత ఇనుము పెరిగేది దాదాపు 0.055. అంటే సగం కూడా లేదు. పైగా ఇంజన్ లోపల పిస్టన్ తల, సిలిండర్ గోడ కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే పిస్టన్‌ని గుండ్రంగా చెయ్యరు. నిజంగా! పై భాగం కొంచెం సన్నం, కింద కొంచెం వెడల్పు, అడ్డంగా చూస్తే కోడిగుడ్డులా కొద్దిగా కోల. పిన్ను చుట్టూ లోహం ఎక్కువ కాబట్టి అటువైపు ఎక్కువ ఉబ్బుతుందని, ముందే అటు తగ్గించి చేస్తారు. వేడెక్కాక అది సరైన ఆకారానికి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కరెక్ట్‌గా సరిపోయిన పిస్టన్, వేడిలో పట్టేసే పిస్టన్.

సరే, ఇందులోకి డ్రాగ్ రేస్ ఎలా వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, కుర్రాళ్లు పాత ఫోర్డ్ వీ8 కార్లు కొని రోడ్ల మీద పందాలు వేసుకునేవాళ్లు. జనం చచ్చిపోతున్నారని గొడవైంది. 1950లో శాంటా ఆనా అనే చోట విమానాల రన్‌వే మీద రెగ్యులర్‌గా పందాలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టి రూల్స్ తెచ్చాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు. నిలబడిన చోటు నుంచి ఎవరు ముందు పోతే వాళ్లు గెలిచినట్టు.

ఆ ఫోర్డ్ ఇంజన్‌కి పవర్ కావాలంటే బోర్ పెంచాలి. వాళ్లు ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3 మిల్లీమీటర్ల పైన పెంచేవాళ్లు. అంత పెద్ద పిస్టన్ మామూలు షాపులో దొరకదు. అక్కడ పుట్టింది కస్టమ్ పిస్టన్ వ్యాపారం. వైస్కో కంపెనీని క్లైడ్ వైజ్‌మన్ 1941లో తన గ్యారేజ్‌లోనే మొదలుపెట్టాడు. పోత పోసిన పిస్టన్ దెబ్బకు పగులుతుందని, వేడి అల్యూమినియం ముద్దని ప్రెస్‌తో నొక్కి చేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లు రేసింగ్‌లోకి వచ్చాయి. గట్టివి. కానీ ఎక్కువ లోడు కోసం వాడే 2618 అనే రకంలో సిలికాన్ దాదాపు ఉండదు, కాబట్టి అది ఎక్కువ ఉబ్బుతుంది. 4032 రకంలో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, తక్కువ ఉబ్బుతుంది, కానీ పెద్ద దెబ్బ తగిలితే పగలొచ్చు. అందుకే ప్రతి కస్టమ్ పిస్టన్ బాక్సులో ఒక చీటీ ఉంటుంది. నేను పారేసింది అదే.

మన వైపు సంగతి? ఇండియా పిస్టన్స్ 1949లో మద్రాసులో పెట్టారు. లారీలకీ ట్రాక్టర్లకీ ఆయిల్ ఇంజన్లకీ పిస్టన్లు ఇక్కడే తయారవడం మొదలైంది. సిలిండర్ అరిగితే పారెయ్యకుండా 0.25, 0.50, 0.75, 1.00 ఓవర్‌సైజ్‌లకి బోర్ కొట్టించి వాడుకోవడం మన ఊళ్ల లెక్క. అమెరికా వాళ్లు బోర్ పెంచింది పందెం కోసం, మనవాళ్లు పెంచింది పంటకి నీళ్లు ఆగకూడదని. పని మాత్రం ఒకటే. ఆర్ఎక్స్ 100నే తీసుకోండి. 50 బోర్, 50 స్ట్రోక్, 98 సీసీ. నాలుగో ఓవర్‌సైజ్‌కి పోతే 102 సీసీ. అంతే, పెద్దగా పవర్ రాదు, ప్రాణం తిరిగొస్తుంది.

రేసులు కూడా విమానాల స్ట్రిప్ మీదే మొదలయ్యాయి. మద్రాసు దగ్గర షోలవరం, యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది, దశాబ్దాల పాటు షోలవరమే దాని వేదిక. 1990లో ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. ఆ కాలంలోనే కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పుట్టిన ఎస్. కరివర్ధన్, మారుతీ 800లోని 796 సీసీ ఇంజన్ పెట్టి సింగిల్ సీటర్ రేసు కారు తయారుచేశాడు. మనింటి ముందు ఆగే కారు ఇంజన్ అది! 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ మొదట్లో ఆ ఫార్ములా మారుతీలోనే పోటీ చేశాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇక అసలు పని. డ్రాగ్ ఇంజన్‌కి పిస్టన్ ఎలా కూర్చోబెడతారు?

ముందు పిస్టన్ వస్తుంది, ఆ తర్వాతే బోర్. చీటీలో చెప్పిన ఎత్తులో, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టి పిస్టన్ కొలుస్తారు. బోర్‌ని పైన, మధ్యలో, కింద, రెండు వైపులా బోర్ గేజ్‌తో చూస్తారు. ఏ పిస్టన్‌కి ఆ సిలిండర్ హోనింగ్ చేసి నంబర్ వేస్తారు. డ్రాగ్‌లో పందెం కొన్ని సెకన్లే. పిస్టన్ ఒక్కసారిగా కాలుతుంది, సిలిండర్‌కి ఇంకా వేడి పూర్తిగా అందదు. కాబట్టి సందు ఇంకొంచెం ఎక్కువే ఇస్తారు. చల్లగా ఉన్నప్పుడు టకటకమని శబ్దం వస్తుంది, రానీ అంటారు.

తర్వాత రింగులు. రింగుని బోర్‌లో పెట్టి చివర్ల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూస్తారు. తక్కువుంటే ఆకురాయితో రాస్తారు. వేడిలో రెండు చివర్లూ ఒకదానికొకటి తగిలితే పిస్టన్ గట్టే విరిగిపోతుంది. ఫోర్ స్ట్రోక్ అయితే పిస్టన్ తల మీద మెత్తటి క్లే పెట్టి ఇంజన్ చేత్తో తిప్పి, వాల్వ్ తగులుతుందా లేదా చూస్తారు. టూ స్ట్రోక్ అయితే బాణం గుర్తు సైలెన్సర్ వైపు. పిన్ను లాక్‌లు ఎప్పుడూ కొత్తవే. చివరికి సబ్బు నీళ్లతో బోర్ కడిగి తెల్ల గుడ్డతో తుడుస్తారు. గుడ్డ నల్లబడితే మళ్లీ కడగాలి.

చూశారా, ఇందులో సగం పని సందు కొలవడమే. బెంట్లీ కాలం నుంచి ఇప్పటి దాకా పవర్ అంతా ఆ వెంట్రుకంత ఖాళీ మీదే నిలబడింది.

పోయిన నెల ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ పోయినా. షాపులో ఒకే ఒక సిలిండర్ ఉంది. "ఇప్పటి బండ్లలో చానా వాటికి గోడకి కోటింగ్ ఉంటాది, బోర్ కొట్టేదానికి లేదు. కిట్ మార్చి పారేస్తారు" అన్నాడు. వేలితో బోర్ లోపల తడిమి ఎంత అరిగిందో చెప్పే మనిషి. ఆ తర్వాతే గేజ్ తీస్తాడు, నేను చూసినప్పుడల్లా రెండూ ఒకటే చెప్పాయి. ఈ విద్య ఏ పుస్తకంలోనూ రాసి లేదు. మీ ఊళ్లో ఇలాంటి షాపు ఉంటే ఒక రోజు పోయి కూర్చోండి, అడిగి వీడియో తీసుకోండి.

ఇంకో మాట. నంద్యాల ఆళ్లగడ్డ హైవే డ్రాగ్ స్ట్రిప్ కాదు తమ్ముడూ. కాలిఫోర్నియా కుర్రాళ్లు 1950లోనే రోడ్డు వదిలి రన్‌వే ఎక్కారు. నీకు రేస్ కావాలంటే ట్రాక్ ఉంది, లైసెన్స్ ఉంది, హెల్మెట్ ఉంది. పిస్టన్‌కి జాగా ఇచ్చినట్టే, ఇంట్లో నీకోసం చూసే వాళ్లకి కూడా కొంచెం జాగా ఇయ్యి.

మీ బండి ఎప్పుడైనా పట్టేసిందా? ఎక్కడ, ఎందుకు, కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కార్బ్యురేటర్ కథతో కలుద్దాం. ఉంటా.