మూడుకాళ్ల ప్లగ్గు కథ

పద్మనాభం కొండ కింది పెంకుటింట్లో గానీ, విశాఖ వన్‌టౌన్ మేడలో గానీ పాత వైరింగు మిగిలి ఉంటే ఒకసారి చూడండి. గోడకు టేకు చెక్క బోర్డు, దాని మీద నల్లటి బేకలైట్ సాకెట్, మూడు గుండ్రటి కన్నాలు. పైనున్న పెద్దది ఎర్తు. ప్లగ్గులో ఆ కాలు మిగతా రెండింటికన్నా పొడుగు; కరెంటు అందేలోపే ఎర్తు తగలాలని అలా చేశారు. దాని కోసం పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసేవారు. ఎండాకాలం అందులో నీళ్లు పోయాలి. ఆ గొయ్యే లేని ఇంట్లో మూడో కాలు ఉత్త అలంకారం.

ఈ ప్లగ్గుకు బ్రిటన్ 1934లో బీఎస్ 546 పేరిట కొలతలు ఖాయం చేసింది. చిన్నది 5 ఆంపియర్లు, ఇస్త్రీపెట్టెలకూ హీటర్లకూ పెద్దది 15. పెద్దదాన్నే మనం పవర్ ప్లగ్గు అంటాం. యుద్ధంలో కూలిన ఇళ్లు తిరిగి కట్టేటప్పుడు రాగి తీగ పొదుపు చెయ్యాల్సివచ్చి, బ్రిటన్ 1947లో బల్లపరుపు కాళ్ల 13 ఆంపియర్ల ప్లగ్గు తెచ్చింది. ఫ్యూజునూ అందులోనే ఇరికించింది. ఆ ఏడే తెల్లవాడు మన దేశం వదిలాడు, వాడి పాత ప్లగ్గు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు 6, 16 ఆంపియర్లంటున్నాం, అంతే తేడా.

విశాఖ జిల్లా నుంచి ఓడలెక్కి నటాల్ చెరకుతోటల్లో కూలికి వెళ్లినవారి వారసులు డర్బన్‌లో ఉన్నారు. అక్కడి గోడ సాకెట్‌లో మన పవర్ ప్లగ్గు చక్కగా పడుతుంది. అది పుట్టిన బ్రిటన్‌లో మాత్రం పట్టదు!

మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి చెయ్యందించిన సోవియట్ దేశంలో ప్లగ్గు కాళ్ల లావు 4 మిల్లీమీటర్లే ఉండేది. మన చిన్న సాకెట్ 5 మిల్లీమీటర్ల కాళ్లకు చేసింది. ఆ ప్లగ్గు ఇందులో దూరుతుంది గానీ వదులు, నిప్పురవ్వలు, వేడి. అన్ని దేశాల ప్లగ్గులనూ రానిచ్చే యూనివర్సల్ సాకెట్ మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే. దేన్నీ గట్టిగా పట్టుకోదు.

కాళ్లు కుదిరినా కరెంటు కుదరాలిగా! కాళ్లు కుదిర్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. మనది 230 వోల్టులు, అమెరికాది 120. ఇక్కడి మిక్సీ అక్కడ పప్పు రుబ్బలేక మూలుగుతుంది. అక్కడి కాఫీ మేకర్ ఇక్కడ మాడిపోతుంది. సెల్ చార్జర్ల మీద మామూలుగా 100–240 అని ఉంటుంది, వాటితో బెంగలేదు. అమెరికాలోని అమ్మాయి కోసం సూట్‌కేసులో మిక్సీ సర్దే అమ్మలు ముందు దాని అడుగున అతికించిన చీటీ చదవండి. 110 అని గానీ 120 అని గానీ లేకపోతే ఇంట్లోనే ఉంచేయండి.