తొలి తరగతిలో పలక, తఖ్తీ

దివ్య ఖుర్‌ఆన్‌లో మొట్టమొదట అవతరించిన వచనాలు చదువును, కలాన్ని గురించినవన్న సంగతి మనకందరికీ తెలిసినదే. బద్ర్ యుద్ధంలో (హి. 2) బందీలైన ఖురైషీలలో పరిహారధనం చెల్లించలేని అక్షరాస్యులు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు వ్రాత నేర్పితే విడుదల పొందవచ్చునని మహాప్రవక్త (స) అనుమతించినట్లు సీరా గ్రంథాలు చెబుతున్నాయి. పెద్ద మద్రసాల చరిత్ర, పండితుల చరిత్ర మనవారు విస్తారంగానే వ్రాశారు. అయిదారేళ్ల పసివాడు చాపమీద కూర్చుని రోజంతా ఏమి చేసేవాడన్నది మాత్రం అంతగా పట్టించుకున్నట్లు కనిపించదు. నిజాం పాలనలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలను తీసుకుని ఆ సంగతి కొంత పరిశీలిద్దాం.

ముస్లిం ఇంట చదువు బిస్మిల్లాతో మొదలయ్యేది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బంధువులను పిలిచి, మౌల్వీ సాబ్ చేత ఇఖ్రా వచనాలు పలికించి, మిఠాయి పంచేవారు. ఇది ధర్మశాస్త్రం విధించినది కాదు, హిందూస్తానంలో పాదుకొన్న ఆచారం. ఆ తరువాత మసీదు మక్తబ్‌లో బగ్దాదీ ఖాయిదా. అలిఫ్ జబర్ అ, బే జబర్ బ అంటూ పిల్లలంతా ముందుకూ వెనుకకూ ఊగుతూ ఒక్క గొంతుగా హిజ్జె చదివేవారు. వ్రాతకు తఖ్తీ అనే చెక్కపలక ఉండేది. దానికి మట్టి పూసి, ఎండబెట్టి, రెల్లు కలంతో సిరా అద్ది వ్రాయాలి. వ్రాసినది ఉస్తాద్ చూశాక కడిగి మళ్లీ మట్టి పూయాలి. పసివాడి పొద్దులో సగం ఈ కడగటానికీ ఆరబెట్టటానికీ పోయేదంటే అతిశయోక్తి కాదు. అయితే చేతికి కుదురు వచ్చింది అక్కడే.

అదే ఊళ్లో పంతులుగారి బడి ఉండేది. దీనిని సర్కారు కాగితాలలో ఖాన్గీ మదర్సా అనేవారు. అక్కడ వేలితో ఇసుకలో దిద్దటం, ఆపైన పలక, ఓనమాలు, గుణింతాలు, సాయంత్రం నిలబడి ఎక్కాలు వల్లెవేయటం. లిపి వేరు, దైవస్మరణ వేరు. పని మాత్రం ఒక్కటే: దిద్దటం, అరవటం, కంఠస్థం చేయటం. బెత్తం రెండు చోట్లా ఉండేది.

అర్థం తెలియకుండా వల్లెవేయించటం సరియైనదేనా అన్న ప్రశ్న ఆంగ్లేయులతో వచ్చిందని కొందరి భ్రమ. సెవిల్‌కు చెందిన ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ (మరణం క్రీ.శ. 1148, సూఫీ ఇబ్ను అరబీ వేరు) పిల్లలకు మొదట భాష, కవిత్వం, పిదప లెక్కలు నేర్పి, ఆ తరువాతనే ఖుర్‌ఆన్ చదివించాలని వాదించాడు. తనకు అర్థం కానిదానిని పసివాని చేత చదివించటం ఆయనకు నచ్చలేదు. ఇబ్ను ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఈ పద్ధతిని మెచ్చుకుంటూనే, లోకాచారం దీనికి అనుకూలించదన్నాడు. పెద్దవాడైతే కుర్రవాడు చేయి జారిపోతాడేమో, చిన్ననాడే ఖుర్‌ఆన్ అందకపోతే ఇక అందదేమో అన్న తలిదండ్రుల భయం ఆయన ఎరుగును. పిల్లలపట్ల కాఠిన్యం వారిని అబద్ధానికీ పిరికితనానికీ అలవాటు చేస్తుందని కూడా ఆయనే వ్రాశాడు.

పారాయణానికి పుణ్యమున్నది గనుక మక్తబ్ హిజ్జెకు సమర్థన ఉంది. లెక్కకూ భూగోళానికీ ఆ సమర్థన లేదు. రాజ్యంలో 1880ల నడుమ పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. దేశభాషలో విద్య గరపాలన్న సూత్రం మీదనే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. అది మన చరిత్రలో గర్వించదగిన ప్రయోగమే. కాని ఆ సూత్రాన్ని తెలుగు బిడ్డ దాకా తీసుకుపోలేదు. పై తరగతులకు పోయేకొద్దీ ఉర్దూ తప్పనిసరి అయింది. 1920లలో ఖాన్గీ బడులకు ముందుగా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. మాతృభాషలో చదువును ఆంధ్ర మహాసభ కోరుతూ వచ్చింది. దాని నాలుగవ సమావేశం 1935లో కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగింది. ఆ కోరికను ముస్లిం వ్యతిరేకతగా చూసినవారు పొరబడ్డారని నా అభిప్రాయం. ఇంట తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లవానికీ ఆ కోరిక వర్తించేదే కదా!

విచిత్రమేమంటే, ఆ సూత్రాన్ని అదే ప్రభుత్వం అడవిలో పాటించింది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీం మరణించాక, ఆదివాసుల స్థితిగతులు పరిశీలించటానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ ప్రయత్నం వలన 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీ భాషలో, నాగరి లిపిలో వాచకాలు తయారైనాయి. అక్కడి గోండులలో ఏ కొద్దిమందికో వచ్చిన చదువు మరాఠీ చదువు కావటమే ఆ లిపిని ఎంచుకోవటానికి కారణం. మొదటి ఉపాధ్యాయులు అరకొర అక్షరజ్ఞానం గల గోండు యువకులే. గురువు తన ఊరివాడు, పుస్తకంలో మాట తన ఇంటి మాట. అందుచేత పసివాడు అక్షరం కూడబలుక్కునేసరికి అర్థం దానంతటదే తెలిసేది. ఇబ్నుల్ అరబీ కోరినది ఇదే గదా!

1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో చేరాక బడులలో తెలుగు స్థిరపడింది. గోండీ వాచకాలు మూలపడ్డాయి. నిన్న ఉర్దూ ముందు నిలబడిన తెలుగు బిడ్డ లాగే, ఇప్పుడు తెలుగు ముందు గోండు బిడ్డ నిలబడ్డాడు.