చికాకోలు సీమలో మిస్వాక్, పందుంపుల్ల, అడ్డపొగ

శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదును 1641లో గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ నిర్మించాడు. అప్పుడు గోల్కొండ సింహాసనంపై అబ్దుల్లా కుతుబ్‌షా ఉన్నాడు. తరువాతి కాలంలో చికాకోలు సర్కారుగా పేరొందిన ఈ సీమలో మసీదు వెలసిన చోటికల్లా వుజూ వచ్చింది. వుజూతో పాటు మిస్వాక్ సున్నత్ వచ్చింది. చరిత్రకారులు కోటలను, యుద్ధాలను లెక్కించినంత శ్రద్ధగా ఇలాంటి నిత్యాచారాలను లెక్కించరు. కాని ఒక సీమ ప్రజల ఆరోగ్యం బొబ్బిలి యుద్ధంకన్న వీటిమీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

అరబ్బీలో ‘సివాక్’ అనే మాటకు పళ్ళు తోముకొనే పుల్ల అనీ, తోముకొనే క్రియ అనీ రెండర్థాలున్నాయి. తెలుగు అనువాదాలలో దానిని ‘పలుదోముపుల్ల’ అనగానే రెండవ అర్థం జారిపోతుంది. సున్నత్ పుల్లకు సంబంధించినది మాత్రమే కాదు, తోముకోవడానికి సంబంధించినది. తన అనుయాయులకు కష్టమవుతుందన్న శంక లేకపోతే ప్రతి నమాజుకూ సివాక్‌ను విధిగా చేసి ఉండేవాడినని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఉల్లేఖించాయి. ఆయన రాత్రి నిద్ర లేచినప్పుడు కూడా నోరు శుభ్రం చేసుకొనేవారు. నాలుక మీద కూడా సివాక్ నడిపేవారని అబూ మూసా (రజి) చూసి చెప్పారు. అంతిమ ఘడియలలో అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (రజి) చేతిలోని పుల్లపై ఆయన చూపు నిలవడం, హజ్రత్ ఆయిషా (రజి) దానిని తన పళ్ళతో నమిలి మెత్తపరచి అందించడం హదీసు పాఠకులందరూ ఎరిగినదే.

అరాకు చెట్టు, ఉర్దూలో పీలు, ఎండ నేలలది, చవిటి నేలలది. నాగావళి, వంశధార ఒడ్డు పల్లెలలో పళ్ళు తోమడానికి చేతికందేది వేప, కానుగ, ఉత్తరేణి. ఇందులో మతపరమైన చిక్కేమీ లేదు. అరాకు శ్రేష్ఠమని చెబుతూనే, శుభ్రపరచి హాని చేయని ఏ పుల్లయినా చెల్లునని ఫుఖహాలు అన్నారు. పుల్ల లేనప్పుడు వేలైనా, గరుకు గుడ్డయినా చాలునని హనఫీ గ్రంథాలు అంటాయి. కనుక ఇక్కడి ముస్లిం ఇంట వేపపుల్ల మిస్వాక్ అయింది, పక్కింట అదే పందుంపుల్ల. కొస నమిలి కుంచె చేయడం, పని అయ్యాక పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దను వంచి నాలుక గీసుకోవడం రెండిళ్ళలోనూ ఒక్కటే. నాలుకను మరువరాదన్న విషయంలో మదీనాకూ, మన పల్లెకూ ఎక్కడ కుదిరిందో గాని, చక్కగా కుదిరింది.

పుల్లతో పళ్ళ బయటి వైపు బాగా శుభ్రపడుతుంది. లోపలి వైపు, వెనుక దవడల సందులు మిగిలిపోతాయి. అక్కడ గారె పట్టి చిగుళ్ళు వదులవుతాయి. ఈ గారె సంగతి అందలూసియా వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ వెయ్యేళ్ళ క్రిందటే గుర్తించాడు. ముప్పై భాగాల తన ‘తస్రీఫ్’లో దానిని గీకి తీయడానికి తగిన పనిముట్లను వర్ణించి, వాటి బొమ్మలు కూడా ఇచ్చాడు. నేటి దంతవైద్యులు పుల్లను వద్దనరు. రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడు గల పేస్టుతో, మెత్తని బ్రష్షుతో లోపలి వైపు కూడా తోమమంటారు.

అయితే ఈ సీమలో నోటికి వచ్చిన అసలు ఆపద గారె కాదు, పొగాకు. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ బీజాపూరు నుండి పొగాకును అక్బరు దర్బారుకు తీసుకొనిపోయాడు. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు, నిషేధం నిలవలేదు. ఉలమాలో వాదం చాలాకాలం సాగింది. ఉల్లి, వెల్లుల్లి వాసనతో మసీదుకు రాకూడదన్న హదీసును కొందరు పొగకూ అన్వయించారు. డమాస్కసు పండితుడు అబ్దుల్ గనీ నాబులుసీ వంటివారు అది నిషిద్ధం కాదని గ్రంథాలే రాశారు. ఆ పండితులలో ఎవరి ఊహకూ అందని పద్ధతి ఒకటి ఈ తీరంలో పుట్టింది. అదే అడ్డపొగ: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలో పెట్టుకొని పీల్చడం.

కారణాలు అడిగితే చాలా చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరదు. నిప్పు లోపల ఉంటే చుట్ట ఎక్కువసేపు వస్తుంది. బిడ్డ ఒడిలో ఉన్నా, చేతులు పనిలో ఉన్నా బూడిద రాలదు. ఈ అలవాటు మగవారిలోకంటె ఆడవారిలో ఎక్కువ.

విశాఖపట్నం ప్రాంతపు రోగులలో అంగిటి క్యాన్సరు అసాధారణంగా ఎక్కువని 1937లోనే కిని, సుబ్బారావు అను వైద్యులు గమనించారు. తక్కిన ప్రపంచంలో అంగిలి క్యాన్సరు అరుదు. 1960లలో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగం, ఫలీ మెహతా ఆధ్వర్యాన, దేశంలో ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించింది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. 1979లో విజయనగరం జిల్లాలో కలిసిన కొన్ని తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. ఇక్కడ చూసిన 10,169 మందిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ త్రాగేవారని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు 1971లో ప్రకటించారు. అంగిలి తెల్లబారడం, లాలాజల గ్రంథుల ముఖాల దగ్గర ఎర్రని చుక్కలు తేలడం, పుండ్లు పడడం వారు వివరంగా నమోదు చేశారు. వీరిలో తెల్లవారగానే వేపపుల్ల నమిలేవారు తక్కువేమీ కాదు. పళ్ళు శుభ్రంగా ఉండి, అంగిలి కాలిపోయిన నోళ్ళు అవి.

1977 నుండి అదే సంస్థ ఈ జిల్లాతో సహా మూడు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకదారులను ఏటేటా పరీక్షిస్తూ, ఇంటింటా నచ్చజెబుతూ వచ్చింది. మానినవారిలో, తగ్గించినవారిలో మచ్చలు తగ్గుముఖం పట్టాయి. పళ్ళపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. అంటే అంతవరకూ పళ్ళు తోమే పేరుతోనే పొగాకు నోట్లోకి పోతుండేదన్నమాట.

అడ్డపొగ నేడు తగ్గింది గాని పోలేదు. తీర గ్రామాలలో వయసు మళ్ళిన స్త్రీలు ఇంకా త్రాగుతున్నారు. తల వెనక్కు వంచి, నోరు తెరిచి, పగటి వెలుతురులో అద్దం పట్టి చూస్తే అంగిలి కనబడుతుంది. అక్కడి తెల్లని పొర, ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు వైద్యునికి చూపించవలసినవి. అవి మొదట్లో నొప్పి పెట్టవు.